తలా దోసెడు

మిరపకాయల గోడౌనులో సాయంత్రం నాలుగింటికి టీ వచ్చేది. టీతోపాటు గ్లాసు పక్కన తెల్లటి చిన్న బిళ్ళ వచ్చేది. ఆడవాళ్ళు దాన్ని నడుంబిళ్ళ అనేవాళ్ళు. పొద్దుటి నుంచి నేలమీద కూర్చుని కాయలకు తొడాలు తీసి తీసి, నాలుగయ్యేసరికి నడుం రెండు ముక్కలయ్యేది. బిళ్ళ లోపలికి పోయిందంటే ఆరింటిదాకా నడుమనేది ఒకటుందన్న సంగతే గుర్తుండేది కాదు. మేస్త్రి బుల్లయ్య దానికి డబ్బు తీసుకునేవాడు కాదు. మీ బాధ చూడలేక తెప్పిస్తున్నానమ్మా అనేవాడు.

కోటిరత్నం ఆరేళ్ళు మింగింది. మొదట ఒకటి, తరవాత రెండు, ఆ తరవాత ఇంటికి వెళ్తూ కొంగున ముడేసుకోవడానికి మరో రెండు. ఒక ఆదివారం కొంగులో ముడి ఖాళీగా ఉంది, బుల్లయ్య పెళ్ళికి పొరుగూరు వెళ్ళాడు. మధ్యాహ్నానికి ఆవులింతలు మొదలయ్యాయి. ముక్కు కారింది. ఒళ్ళు ఈకలు పీకిన కోడిలా గగుర్పొడిచింది. కాళ్ళు పీకడం మొదలైంది. నడిచి నడిచి వచ్చే పీకుడు కాదది, ఎముకలోంచి ఎవరో తాడేసి లాగుతున్నట్టుంది. కూతురు దీవెన కాళ్ళు నొక్కుతూ కూర్చుంటే, కోటిరత్నం ఆ పిల్లను కాలితో తన్ని, పోయి ఎక్కడున్నా బిళ్ళ తెమ్మని కేకలేసింది.

చీకటి పడకముందే బిళ్ళ దొరికింది. మనసు కుదుటపడ్డాక కూతురి మోచేతి మీద కమిలిన మచ్చ కనిపించింది. దీవెన చొక్కా చెయ్యి కిందికి లాక్కుని, ఏమీ కాలేదంది. మర్నాడు కోటిరత్నం గోడౌనుకు పోకుండా డాక్టరు హైమవతి క్లినిక్కి వెళ్ళింది.

హైమవతి యాభై దాటిన మనిషి. తక్కువ మాట్లాడుతుంది. ఆ బిళ్ళ నల్లమందు జాతికి చెందిందనీ, ఆరేళ్ళు వాడితే ఎవరి ఒళ్ళైనా ఇలాగే అడుగుతుందనీ చెప్పింది. మాన్పించడానికి ఒక సూది ఉంది. నెలకొకటి చొప్పున ఏడాది పాటు వేయించుకోవాలి. ఇంట్లోనే ఉండొచ్చు, పనికి పోవచ్చు. కానీ దాని ధర వినగానే కోటిరత్నం సంచిలోంచి ఆరోగ్య కార్డు తీసి బల్లమీద పెట్టింది.

కార్డు ఈ సూదికి పనికిరాదని క్లినిక్కు గుమాస్తా చెప్పాడు. ఆసుపత్రి మంచం మీద నెల రోజులు పడుకుంటే కార్డు డబ్బిస్తుంది. నడిచొచ్చి, మందేయించుకుని, నడిచెళ్ళేవాళ్ళకు ఇవ్వదు.

"అయితే నడవగలిగితే జబ్బు కాదన్నమాట," అంది కోటిరత్నం.

నెల రోజులు పడుకుంటే గోడౌనులో ఆమె చోట ఇంకొకరు కూర్చుంటారు. ఆ మాట గుమాస్తాకి చెప్పి లాభం లేదని లేచింది. అప్పుడు హైమవతి ఇంకొక దారి ఉందని సొరుగు తెరిచింది. అందులో రెండు చేతిపట్టీలు ఉన్నాయి, ఒకటి ఎర్రది, ఒకటి నీలంది.

ఎర్రపట్టీ రోగి చేతికి, నీలంపట్టీ తోడున్న మనిషి చేతికి కడతారు. రోగి నరాల్లో పుట్టే పీకుడును ఎర్రపట్టీ తోడేసి నీలంపట్టీకి పంపిస్తుంది. మధ్యలో ఊరంత దూరమున్నా పనిచేస్తుంది. ఒక్కసారిగా కాదు, నలభై రోజులకు పరిచి వదులుతుంది. నలభై రోజులకు రోగి ఒళ్ళు బిళ్ళను మరిచిపోతుంది. ఈ పట్టీలు తయారుచేసే కంపెనీ డబ్బేమీ అడగదు. పరీక్షల దశ కాబట్టి, పట్టీలు నమోదు చేసే లెక్కలు వాళ్ళకిస్తే చాలు. తోడుగా మాత్రం దగ్గరి బంధువే ఉండాలి.

"ఎవరున్నారమ్మా మీకు?" అని అడిగింది హైమవతి.

కోటిరత్నం లేరని చెప్పబోయింది. ఆమె వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ దీవెన చెయ్యి చాపింది.

*

ఆ పట్టీలు హైమవతి చేతులమీదుగా పుట్టినవే. పదకొండేళ్ళ కిందట వైద్యకళాశాల ప్రయోగశాలలో రెండు ఎలుకలతో మొదలైంది. ఒక బోనులో వణుకుతున్న ఎలుక వణుకు మాని నిద్రపోతే, పక్క బోనులో నిద్రపోతున్నది లేచి వణికింది. బాధ అలా ఇటునుంచి అటు మారేటప్పుడు దారిలో కొంతైనా కరిగిపోతుందని ఆమె ఆశపడింది. ఎన్నిసార్లు కొలిచినా కరగలేదు. బాధ చోటు మారుతుంది, అంతే.

మనుషుల మీద చేసినప్పుడు, కూలికి వచ్చినవాళ్ళు రెండో రోజే నీలంపట్టీ విప్పేసి వెళ్ళిపోయారు. కళాశాల కుర్రాళ్ళు మూడో రోజు పోయారు. చివరిదాకా మిగిలింది రోగుల తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్ళు. అందుకే ఫారంలో 'తోడు మోసేవారు' అన్నచోట ఒకే ఒక్క గీత గీసి, కింద దగ్గరి బంధువు అని రాసింది. ఒంటికి అలవాటు పడటానికి నీలంపట్టీకి ఒక రోజంతా పడుతుందనీ, మధ్యలో విప్పకూడదనీ కూడా రాసింది. ఒక్కరే మోసే చోట విప్పి ఇంకొకరికి కట్టి చూసే అవసరం ఎవరికీ రాలేదు కాబట్టి, ఆ మాట నిజమో కాదో ఎవరూ చూడలేదు.

*

దీవెనకు ఇరవై ఏళ్ళు. కరెంటు బస్సు నడపడం నేర్చుకుంటోంది. డిపో వెనక మైదానంలో రోజూ మూడు గంటల శిక్షణ. మరో పన్నెండు రోజుల్లో పరీక్ష. తప్పితే మళ్ళీ ఏడాదికే.

పట్టీలు కట్టిన మొదటిరోజు కోటిరత్నానికి ఆరేళ్ళలో ఎన్నడూ లేనంత తేలిగ్గా ఉంది. నాలుగింటికి వచ్చిన బిళ్ళను బుల్లయ్య ముందే వెనక్కి నెట్టింది. ఇంటికొచ్చి గోంగూర పప్పు చేసి కూతురికి వడ్డించింది. దీవెన రెండు ముద్దలు తిని, నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని ఆవులించింది. కళ్ళనిండా నీళ్ళు. నిద్రొస్తోందమ్మా అని గోడవైపు తిరిగి పడుకుంది. పడుకున్న పిల్ల కాళ్ళు దుప్పటి కింద ఒకదాన్నొకటి రుద్దుకోవడం కోటిరత్నం చూసింది.

నాలుగో రోజు మైదానంలో, బ్రేకు మీద పెట్టిన కాలు దాని ఇష్టానికి అదే లేచింది. బస్సు గుర్తుగా నాటిన స్తంభాన్ని పడగొట్టి ఆగింది. శిక్షణ ఇచ్చే ఆయన మంచివాడు. ఒంట్లో బాగోనప్పుడు రావద్దమ్మా, మనుషుల్ని ఎక్కించుకునే బండి ఇది అని ఇంటికి పంపేశాడు.

దీవెన ఆ సంగతి చెప్పలేదు. పక్కింటివాళ్ళు చెప్పారు. కోటిరత్నం కూతురి ముందు కూలబడి, నీలంపట్టీ పట్టుకుని లాగింది. దీవెన చెయ్యి వెనక్కి పెట్టుకుంది. ముప్పై ఆరు రోజులే కదా, పరీక్ష వచ్చే ఏడాది రాసుకుంటానంది.

"నేను మింగింది నువ్వు కక్కుతావటే?" అంది కోటిరత్నం. "ఆ బుల్లయ్యగాడు టీ పోస్తాడు, నేను తాగుతాను, నీ కాళ్ళు పీకుతాయా? ఇదెక్కడి వైద్యమే?"

రెండు పట్టీలూ విప్పి అన్నం క్యారేజీ సంచిలో పడేసింది. మర్నాడు పని అయ్యాక క్లినిక్కులో ఇచ్చెయ్యాలనుకుంది.

*

మర్నాడు పదింటికల్లా కాళ్ళ పీకుడు మొదలైంది. నాలుగింటిదాకా బిళ్ళ లేదు. చేతులు వణికి కాయలు చితికిపోతున్నాయి. ఆమె కుప్ప కుప్పలాగే ఉంది. పక్కన కూర్చునే నాంచారమ్మ అది చూసింది.

నాంచారమ్మకు అరవై నాలుగు. ఆ గోడౌనులో అందరికంటే పెద్దది. కోటిరత్నంతో కలిపి అక్కడున్న ఇరవై రెండుమంది ఆడవాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఎవరు పెట్టారో తెలియదు. ఎవరికైనా జ్వరమొచ్చినా, చేతులు మంటెక్కినా, పసిపిల్లకు పాలివ్వడానికి లేచిపోయినా, కాటా వేసే ముందు మిగిలినవాళ్ళు ఆమె కుప్పలోంచి తలా ఒక దోసెడు ఎత్తి తమ ఒళ్ళో పోసుకుంటారు. ఇరవై ఒక్క దోసిళ్ళు పోతే ఏ కుప్పయినా కరిగిపోతుంది. తూకానికి ఎవరూ తక్కువ పడరు. ఎత్తేవాళ్ళు ఎందుకని అడగరు, ఎత్తించుకున్నవాళ్ళు థాంక్సని చెప్పరు.

కాయలు ఎత్తబోయిన నాంచారమ్మకు కోటిరత్నం మొహం చూశాక అసలు కుప్ప వేరే ఉందని తెలిసింది. సంగతంతా చెప్పించుకుంది. క్యారేజీ సంచిలో చెయ్యి పెట్టి నీలంపట్టీ బయటికి లాగింది.

"ఓస్, ఇదేనటే? నీ కూతురికే కావాలని దీనిమీద పేరుందా ఏంది? ఇటు తే. నువ్వు ఆ ఎర్రది కట్టుకో."

"అత్తా, చాలా బాధగా ఉంటది."

"ఎంతసేపు?"

ఎంతసేపని ఎవరూ ఆలోచించలేదు. గోడౌనులో గుర్తింపు బిళ్ళలుంటాయి. ఎవరు లేచి వెళ్తే ఆ బిళ్ళ పక్కామె మెడలో వేసుకుని ఆ చోట కూర్చుంటుంది. పట్టీ కూడా అలాంటిదే అనుకున్నారు. ఫారంలో ఏం రాసి ఉందో వాళ్ళలో ఒక్కరూ చదవలేదు. నాంచారమ్మ గోడమీది గడియారం చూసుకుంటూ అరగంట మోసింది. ఆవులించింది, ముక్కు చీదింది, బుల్లయ్య తాతముత్తాతల్ని వరసగా తలుచుకుంది. అరగంట కాగానే విప్పి పక్కనున్న రూతమ్మ చేతికి కట్టింది. అరనిమిషంలో పట్టీ రూతమ్మ ఒంటికి కుదురుకుంది. రూతమ్మ తరవాత ఇంకొకరు. పట్టీ వదిలిన చెయ్యి వెంటనే మళ్ళీ కాయలకు తొడాలు తీసేది.

రాత్రిళ్ళు వాడలో గోడ పక్క గోడగా ఉన్న ఇళ్ళ మధ్య పట్టీ తిరిగేది. దీవెన చేతికి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అది బస్సు నడపాల్సిన పిల్ల, దాని జోలికి పోవద్దని నాంచారమ్మ కట్టడి చేసింది. పన్నెండో రోజు దీవెన పరీక్ష పాసై, వాడలో వాళ్ళందరికీ మైసూర్‌పాకు పంచింది. ఆ సమయానికి పట్టీ కట్టుకున్న ఆమె ముక్కు తుడుచుకుంటూనే రెండు ముక్కలు తీసుకుంది.

*

క్లినిక్కులో తెరమీద గీతలు చూసి హైమవతి యంత్రం చెడిపోయిందనుకుంది. ఒకే పేరు మీద రోజుకు ఇరవై ఒక్క గుండెలు కొట్టుకుంటున్నాయి. ముసలి గుండె, పడుచు గుండె, ఉబ్బసమున్న గుండె. వాటికంటే ఆశ్చర్యం ఇంకొకటి. సాయంత్రం నాలుగుంపావు నుంచి ఆరు దాకా కొన్ని అరగంటల్లో గీత లేవనే లేవడం లేదు. ఎర్రపట్టీ పంపిస్తూనే ఉంది, అవతల మోస్తున్న ఒళ్ళకు అది తెలియడం లేదు. రోజూ అదే వేళ. అన్ని రోజులవీ కలిపి లెక్కపెడితే అలాంటి ఒళ్ళు తొమ్మిది.

మూడు రోజులు చూసి, నాలుగో రోజు సాయంత్రం ఆటో ఎక్కి గోడౌనుకు వచ్చింది. మిరప ఘాటుకు దగ్గుతూ గుమ్మంలో నిలబడింది. అప్పుడే టీ వచ్చింది. గ్లాసు పక్కన బిళ్ళ వచ్చింది. తొమ్మిదిమంది మింగారు. నాంచారమ్మ కూడా మింగి, నీలంపట్టీకి చెయ్యి చాపింది.

హైమవతి అక్కడే ఆగింది. పని అయ్యాక గేటు బయట వాళ్ళందర్నీ కూర్చోబెట్టి గీతల కాగితాలు పరిచింది. చదువు రాకపోయినా, బిళ్ళ మింగిన వేళ గీత లేచిందో లేవలేదో ఎవరికైనా కనిపిస్తుంది. నాంచారమ్మ తన అరగంటలు ఏవని అడిగి, ఆ చదునుగా ఉన్న గీతమీద వేలు పెట్టి చాలాసేపు ఉంచింది.

"నేను మోస్తన్నాననుకుంటన్నాగదా అమ్మాయ్," అంది.

తరవాత హైమవతి చెప్పిన సంగతి వాళ్ళు రెండుసార్లు చెప్పించుకున్నారు. పని వల్ల వచ్చిన జబ్బయితే వైద్యం ఖర్చు పనిచ్చినవాళ్ళదే అని చట్టముంది. మంచం మీద పడుకున్నారా, నడిచొచ్చారా అని ఆ చట్టం అడగదు. ఇన్నాళ్ళూ లేనిది రుజువు. టీ తాగిన గ్లాసు కడిగేస్తే బిళ్ళ ఇచ్చినట్టు ఎవరూ చూపించలేరు. ఇప్పుడు తొమ్మిదిమంది ఒళ్ళు ఎప్పుడూ అదే వేళకు, పనిలో ఉండగానే మొద్దుబారినట్టు కాగితం మీద ఉంది.

కోటిరత్నంతో కలిపి పదిమందికి నెలకో సూది చొప్పున ఏడాది వైద్యం ఇప్పించాలని కార్మిక శాఖకు అర్జీ పెట్టారు. ఈలోగా కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. పట్టీని అనుమతి లేనివారు వాడారు గనక పరీక్ష రద్దు, రెండు పట్టీలూ వెంటనే తిరిగి ఇవ్వాలి. హైమవతి సంతకం చేసిన ఒప్పందం ప్రకారం ఆమె మీదా చర్య ఉంటుంది. కోటిరత్నం భయపడుతూ ఆమె దగ్గరికి వెళ్ళింది. హైమవతి సొరుగులోంచి పాత ఫారం తీసి, ఒక్క గీత ఉన్నచోట కింద చేత్తో ఇంకో ఇరవై ఒక్క గీతలు గీసింది. చోటు చాలక వెనక పేజీకి వెళ్ళింది. అందరి పేర్లూ రాయించమంది.

గోడౌను మేనేజరు శివన్నారాయణ ఒక మధ్యాహ్నం ఇంటికే వచ్చాడు. చెప్పులు బయట విడిచి కుర్చీలో కూర్చుని, మర్యాదగానే మాట్లాడాడు. కోటిరత్నాన్ని మంచి ఆసుపత్రిలో చేర్పిస్తామనీ, ఆ నెల కూలీ పోదనీ, ఆమె చోటు ఆమెకే ఉంటుందనీ చెప్పాడు. అర్జీలోంచి మిగతా పేర్లు తీసెయ్యమన్నాడు.

"నా కుప్పొక్కటే కాటాకెక్కితే ఎట్టా సారూ?" అని అడిగింది కోటిరత్నం. ఆయనకు అర్థం కాలేదు. ఆమె లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. ఆయన చెప్పులు లోపలివైపు తిరిగి ఉంటే, వెళ్ళడానికి వీలుగా బయటివైపుకు తిప్పిపెట్టింది.

*

విచారణ పట్టీలు కట్టిన ఇరవై తొమ్మిదో రోజు మధ్యాహ్నం మూడింటికి, కార్మిక శాఖ ఆఫీసులో. గది చిన్నది. బల్లకు అటు అధికారిణి, ముప్పై అయిదేళ్ళ మనిషి, కళ్ళజోడు తుడుచుకుంటూ ఉంది. ఇటు ఒకవైపు శివన్నారాయణ, బుల్లయ్య, పట్టీల కంపెనీ మనిషి. ఇంకోవైపు కోటిరత్నం, దీవెన, హైమవతి. కుర్చీలు చాలక మిగతా ఆడవాళ్ళు గోడ వెంబడి కూర్చున్నారు. గోడౌనులో కూర్చున్నట్టే, ఒక మోకాలు పైకి పెట్టి.

శివన్నారాయణ తాము ఇచ్చింది టీ, బిస్కట్లు మాత్రమేనన్నాడు. బుల్లయ్య తలాడించాడు. అనుమతి లేకుండా వాడిన యంత్రం లెక్కలు చెల్లవని కంపెనీ మనిషి అన్నాడు. అసలు ఈమెకు జబ్బే లేదని శివన్నారాయణ చెప్పాడు. నెల రోజులుగా పనికి వస్తోంది, అందరితోపాటే తొడాలు తీస్తోంది, చక్కగా నడిచి ఈ గదిలోకి వచ్చింది. డబ్బుకోసం నటిస్తోంది.

ముందు పట్టీలు బల్లమీద పెట్టించండి మేడం, అవి మా ఆస్తి అన్నాడు కంపెనీ మనిషి. అధికారిణి అయిష్టంగానే కోటిరత్నం వైపు చూసింది.

ఆ వేళకు నీలంపట్టీ రూతమ్మ చేతికుంది. ఆమె విప్పి బల్లమీద పెట్టింది. కోటిరత్నం తన ఎర్రపట్టీ విప్పలేదు. అవతలి కొన ఎవరి చేతికీ లేకపోవడంతో, పంపిందంతా ఆమెకే తిరిగొచ్చింది. ఒక్క నిమిషంలో మొహం పాలిపోయింది. కాళ్ళు బల్ల కింద కొట్టుకున్నాయి. దీవెన చటుక్కున పట్టీ అందుకోబోతే, కోటిరత్నం కూతురి మణికట్టు పట్టుకుని ఆపింది.

"నువ్వు కాదు," అంది. నీలంపట్టీని వేలితో బల్లమీద శివన్నారాయణ ముందుకు నెట్టింది.

"నేను నటిస్తన్నానంటన్నారు గదా సారూ. నటనైతే దీంట్లోకి ఏమీ రాదు. ఒక్క అరగంట కట్టుకోండి. మా నాంచారత్త అరవై నాలుగేళ్ళకి మోసింది. మీరు మగోళ్ళు, మోయలేరా?"

గోడ దగ్గర ఎవరో నవ్వు ఆపుకున్నారు. శివన్నారాయణ ఇలాంటి ఆటలేమిటి మేడం అన్నాడు. అధికారిణి కళ్ళజోడు పెట్టుకుని పట్టీ వైపు, కోటిరత్నం చెమట వైపు, తిరిగి ఆయన వైపు చూసింది. చట్టంలో దీనికి చోటు లేదనీ, తను ఆయన్ని బలవంతపెట్టలేననీ చెప్పింది.

"అయితే ఆమెకు జబ్బు లేదని మీకు నమ్మకమే గదా," అంది. "కట్టుకుంటే నష్టమేముంది?"

శివన్నారాయణ బుల్లయ్య వైపు తిరిగాడు. బుల్లయ్య కుర్చీ అరడుగు వెనక్కి జరుపుకున్నాడు. అప్పటిదాకా బల్లమీదున్న శివన్నారాయణ చేతులు మెల్లగా ఒళ్ళోకి వెళ్ళాయి. కంపెనీ మనిషి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కోటిరత్నం మడమలు నేలకు కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆమె ఆయన చేతులు మళ్ళీ పైకి వస్తాయేమోనని చూస్తూ కూర్చుంది.

రాలేదు. అధికారిణి కలం తీసి, పట్టీ కట్టుకోవడానికి యజమాని తరఫువారు నిరాకరించారని రాసింది. రాస్తున్నది పైకి చదివింది. ఆ కింద, ఉత్తర్వు ఇచ్చేదాకా పట్టీలు రోగి దగ్గరే ఉండాలని రాసింది. కంపెనీ మనిషి ఏదో అనబోతే, ఆమె కలంతోనే ఆగమంది.

అప్పుడే ఆఫీసు బంట్రోతు ట్రేలో టీ తెచ్చాడు. నాలుగైంది. ఆడవాళ్ళందరి చూపూ ఒక్కసారి గ్లాసుల పక్కకు వెళ్ళి వెనక్కి వచ్చింది. పక్కన ఏమీ లేదు.

నాంచారమ్మ గోడను పట్టుకుని లేచింది. ఆమె ముక్కు అప్పటికే కారుతోంది, కొంగుతో తుడుచుకుంది. నిన్నటి బిళ్ళా, మొన్నటి బిళ్ళా బుల్లయ్య ట్రేలోనే వదిలేసి వచ్చిందని అందరికీ తెలుసు. వంగి బల్లమీది నీలంపట్టీ తీసుకుంది.

"నీకే కాళ్ళు పీకుతున్నాయి గదత్తా, ఇంకొకరు కట్టుకుంటార్లే," అంది కోటిరత్నం పళ్ళ బిగువున.

"రోజూ ఈ వేళకే నాకేమీ తెలియకుండా పోయింది," అంది నాంచారమ్మ. "ఇయ్యాల తెలియాలి."

చెయ్యి చాపి, పట్టీ బిగించమని దీవెనకిచ్చింది.